పరికరం నంబరు పదిహేడు

నక్కలవలస జంక్షన్లో హైవే దాటాలంటే మూడుండాలని ఆ ఊళ్లో ఒక మాట ఉంది. కంటిచూపు, కాలిసత్తువ, పూర్వజన్మ సుకృతం. మొదటి రెండూ పుష్కలంగా ఉండి, మూడోది చాలక పోయినవాళ్లు ఉన్నారు. ఊరేమో రోడ్డుకి ఇటుంది. హైస్కూలూ ఆస్పత్రీ రేషన్ డిపో అటున్నాయి. మధ్యలో నాలుగు వరసల హైవే. అటొకటీ ఇటొకటీ ఊరి రోడ్లు వచ్చి దానికి అడ్డంగా తగుల్తాయి. అక్కడో ఊరుందన్న సంగతి లారీవాళ్లకి ఊరు దాటిపోయాక గాని తెలీదు.

పారమ్మ టిఫిన్ బండి ఆ జంక్షన్లోనే ఉంది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం పునుగులు. తొమ్మిదింటికీ నాలుగింటికీ, బడిపిల్లలు దాటే వేళకి, పొయ్యి సన్నం చేసి, పాత ఎర్రచీర ముక్క కట్టిన కర్ర పట్టుకుని రోడ్డు మధ్యకెళ్లి నిలబడేది. ఆ గుడ్డ లేచిందంటే ఎంత లారీ అయినా ఆగాల్సిందే. ఆగనివాణ్ణి ఏడు తరాలు వెనక్కి తీసుకెళ్లి, ఒక్కో తరం దగ్గరా ఆగి మరీ తిట్టేది. అంత తిట్టించుకున్నవాడు మర్నాడు అదే వేళకి బుద్ధిగా బండాపి, నాలుగిడ్లీ తిని, చట్నీ ఇంకాస్త వెయ్యమనేవాడు.

ఆ దాటే పిల్లల్లో ఆవిడ కూతురు పావని ఒకర్తె. ఏడో తరగతి. పావని తండ్రి సింహాద్రి మూడేళ్ల నాలుగు నెలల కిందట పాలకని బయల్దేరి ఆ రోడ్డు మీదే పోయాడు. మొగుణ్ణి తీసుకుంది చాలు, పిల్లని మాత్రం ఆ రోడ్డుకి ఇచ్చేది లేదని పారమ్మ పట్టుదల. అంతకు మించి ఆవిడకి ఏ దేవుడి దగ్గరా వేరే కోరిక లేదు.

ఇడ్లీ తినడానికి ఆగిన డ్రైవరొకడు, ఇలాంటి చోట సర్కిలు కడితే బండ్లు చచ్చినట్టు నెమ్మదిస్తాయని చెప్పాడు. ఆ మాట పట్టుకుని పారమ్మ జిల్లా కేంద్రంలో ఉన్న రహదారి రక్షణ విభాగానికి వెళ్లింది. అక్కడ డివిజనల్ ఇంజనీరు ముకుందం గారు. ఆయన్ని చెడ్డవాడంటే కళ్లు పోతాయి. పారమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విని, అప్పుడు నిబంధనల పుస్తకం తెరిచాడు. సర్కిలు అనకూడదట. వేగనిరోధక వర్తుల పరికరం అనాలట. అది మంజూరవ్వాలంటే ఆ స్థలానికి ప్రాణాంతక హోదా ఉండాలి. హోదా రావాలంటే గత మూడేళ్లలో ఏడుగురు పోయి ఉండాలి. నక్కలవలసకి ఆరుగురే ఉన్నారు.

"మీ ఊరు అర్హతకి చాలా దగ్గర్లో ఉందమ్మా, నిరుత్సాహపడకండి," అన్నాడు.

మా ఆయనతో ఏడు కదా బాబూ అంది పారమ్మ. ముకుందం గారు తేదీ చూసి, వేళ్ల మీద లెక్కేసి, నిజంగానే బాధపడ్డాడు. సింహాద్రి నాలుగు నెలలు ముందుగా వెళ్లిపోయాడు. మనిషి కొంచెం నిదానించి ఉంటే పరిగణనలోకి తీసుకోవడానికి వీలుండేదట.

కానీ ఆ ఆఫీసులో నాగరత్నం అని ఒక గుమాస్తా ఉంది. కాగితాలు తిరగెయ్యడం ఆవిడకి సరదా. సింహాద్రి పోయిన రోజున సైకిలు ఒక పోలీసు స్టేషను హద్దులోనూ, మనిషి పక్క స్టేషను హద్దులోనూ పడ్డారు. కేసు నీదంటే నీదని రెండు స్టేషన్లవాళ్లూ అయిదు నెలలు పోట్లాడుకున్నారు. ఆ తర్వాత గాని అతను పోయినట్టు కాగితం పుట్టలేదు. కాగితం ప్రకారం చూస్తే సింహాద్రి అయిదు నెలలు ఆలస్యంగా చనిపోయాడు. అంటే మూడేళ్ల లోపలే.

బతికున్నంత కాలం ఏ బస్సుకీ ఏ పెళ్లికీ వేళకి చేరిన మనిషి కాదు. తన పెళ్లి పీటల మీదకే ముహూర్తం దాటాక వచ్చాడు. ఆ ఆలస్యమే ఇప్పుడు పిల్ల ప్రాణానికి కాపు కాసింది. పారమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వుకుని, అయిదింటి బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఆరు నెలల్లో సర్కిలు లేచింది. నలభై అడుగుల గుండ్రం, చుట్టూ నలుపు తెలుపు రాళ్లు, లోపల గడ్డి, గడ్డిలో 'పరికరం నం. 17' అని పసుపు బోర్డు. మొదటి వారం జనానికి దాన్నేం చెయ్యాలో తోచలేదు. ఒకాయన ట్రాక్టరు దాని ముందాపి, ఇది తీసేదాకా కదలనని బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఇంకొకాయన కుడి నుంచి వెళ్లాలా ఎడమ నుంచి వెళ్లాలా అని ఇంటికెళ్లి భార్యని అడిగొచ్చాడు. చివరికి కోవెల పూజారి ఒక్క ముక్కలో తేల్చేశాడు. గుళ్లో ఎటు తిరుగుతారో ఇక్కడా అటే తిరగండి అన్నాడు. అంతే, అందరికీ వచ్చేసింది. కొందరు లారీ డ్రైవర్లయితే తిరుగుతూ తిరుగుతూ ఒక చేత్తో దణ్ణం కూడా పెట్టేవారు.

ఆ సంవత్సరం నక్కలవలస జంక్షన్లో ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. ఒక కోడి కూడా పోలేదు. పావని ఒక్కర్తే, పుస్తకాల సంచీ ఊపుకుంటూ, రోడ్డు దాటి బడికెళ్లింది. మొదటిరోజు పారమ్మ గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయి ఒక వాయి ఇడ్లీ అడుగంటించింది. ఎర్రగుడ్డని మడిచి ఇడ్లీపాత్ర దింపుకునే మసిగుడ్డగా వాడుకోవడం మొదలుపెట్టింది. ఆ సర్కిల్ని మాత్రం ఎవరేమన్నా "మా ఆయన సర్కిలు" అనే అనేది. రోజూ పొద్దున దాని రాళ్ల మీద నాలుగు నీళ్లు చల్లి గాని పొయ్యి ముట్టించేది కాదు.

ఏడాది తిరిగేసరికి ముకుందం గారు జీపులో వచ్చాడు. ఈసారి మజ్జిగ పారమ్మే ఇచ్చింది. ఆయన సర్కిలు చుట్టూ ఒకసారి నడిచి, ఇక్కడ ప్రమాదాలేమైనా జరిగాయా అని అడిగాడు. ఒక్కటీ లేదు బాబూ, మీ దయవల్ల, అంది. ఆయన మొహం వాడిపోయింది.

అప్పుడు తెలిసింది. పరికరాలన్నీ ప్రమాదకర స్థలాల కోసం ఉద్దేశించబడినవి. ఏడాది పాటు ఒక్క ప్రమాదమూ జరగని స్థలాన్ని ప్రమాదరహిత స్థలం అంటారు. ప్రమాదరహిత స్థలంలో పరికరం ఉండడం నిబంధనకి విరుద్ధం. అంచేత పరికరం నంబరు పదిహేడుకి బదిలీ అయింది. రాళ్లతో సహా సంతపాలెం వెళ్లాలి. అక్కడ ఏడుగురూ పూర్తయ్యారు.

పారమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. అదుండబట్టే కదా ఎవరూ పోలేదని మెల్లగా చెప్పింది, గట్టిగా చెప్పింది, బండి మీద గరిటెతో కొట్టి చెప్పింది. అది మీ అభిప్రాయమమ్మా అన్నాడాయన. ఫారంలో రెండే గళ్లున్నాయి. ఒకటి ప్రమాదాల సంఖ్య, రెండోది పరికరాల సంఖ్య. రెండోదాని వల్ల మొదటిది తగ్గిందని రాయడానికి మూడో గడి లేదు.

"గొడుగేసుకున్నోడు తడవనేదని గొడుగు లాగేసుకుంటారేటి బాబూ?"

"గొడుగులు మా విభాగం పరిధిలోకి రావమ్మా," అన్నాడు ముకుందం గారు. ఎగతాళిగా కాదు, నిజంగానే.

అయినా మజ్జిగ తాగిన విశ్వాసం ఒకటుంటుంది కదా. జీపెక్కబోతూ ఆగి, గొంతు తగ్గించి, ఒక దారి చెప్పాడు. ఎవరూ చావనక్కర్లేదు. ఏడాదికి కనీసం మూడు స్వల్ప ప్రమాదాలు పోలీసు రికార్డులో ఉంటే చాలు, స్థలం సజీవంగా ఉన్నట్టు పరిగణించి పరికరాన్ని కొనసాగిస్తారు. వచ్చే ఏడాది దాకా గడువిప్పించే పూచీ తనది అని చెప్పి వెళ్లాడు.

మూడు స్వల్ప ప్రమాదాలు. అదెంత పని అనుకున్నారు ఊరివాళ్లు. పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు సన్యాసినాయుడు అధ్యక్షత, హెడ్డు కానిస్టేబులు దాలయ్య ముఖ్య అతిథి. దాలయ్య కూతురు కూడా అదే హైస్కూలు. కలం పట్టుకునే వచ్చాడు. పారమ్మ లేచి, ఎవరైనా ముగ్గురు పేర్లివ్వండి, కాలు బెణికిందనో మోచెయ్యి గీసుకుందనో రాయించుకుంటారు, అంతటితో మన పిల్లలు బతుకుతారు అంది. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో లేచి ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయుంటే ఈ కథే లేదు.

కానీ నక్కలవలసలో జాబితా అన్నది ఏదైనా సరే, అందులో మన వీధి పేరు లేకపోతే వీధికి తలవంపులు. పెళ్లి పిలుపులైనా అంతే, గుడి చందాలైనా అంతే. మొదటి ముగ్గురి పేర్లూ తూర్పువీధివాళ్లవని తెలియగానే పడమటి వీధి పెద్దలు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. ఊరికోసం దెబ్బ తినడానికి మేం పనికిరామా అన్నారు. న్యాయమే కదా అని ఇద్దర్ని కలిపారు. అంతలో మాజీ ప్రెసిడెంటు వచ్చి, సన్యాసినాయుడికి చెయ్యి బెణికినట్టు రాశారని విని, తనకి చెయ్యీ కాలూ రెండూ రాయాలని పట్టుబట్టాడు. సైకిలు తగిలినట్టు రాయబోతే ఒప్పుకోలేదు. తన అంతస్తుకి కనీసం వ్యానైనా ఉండాలన్నాడు. అది చూసి సన్యాసినాయుడు వ్యాన్ని కాదని లారీ రాయించుకున్నాడు. మహిళా సంఘం తరఫున ఇద్దరు, యువజన సంఘం తరఫున నలుగురు. హైదరాబాదులో ఉన్న తమ్ముణ్ణి కూడా మరచిపోవద్దని ఒకాయన. ఏళ్ల తరబడి మంచం దిగని ముసలమ్మకి కూడా, మళ్లీ ఇలాంటి అవకాశం వస్తుందో రాదో అని, స్కూటరు తగిలించారు.

పారమ్మ మొత్తుకుంది. మూడు చాలు, మూడంటే మూడే, ఇంత దండిగా ఎందుకు అని ఒక్కొక్కర్నీ బతిమాలింది. విన్నవాడు లేడు. ఆవిడ పేరూ పావని పేరూ కూడా వెయ్యమంటావా అని దాలయ్య అడిగితే, ఉత్తుత్తిదైనా సరే ఆ రోడ్డు మీద తన పిల్ల పేరు రాయనివ్వనని కలం లాక్కుంది. ఏడాది తిరిగేలోగా దాలయ్య శ్రద్ధగా, తేదీలు మార్చి మార్చి, నలభై ఒక్క ప్రమాదాలు నమోదు చేశాడు. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది.

ఈసారి ముకుందం గారు ఒక్కడే రాలేదు. వెంట రాజధాని నుంచి ఒక నిపుణుడొచ్చాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో పటం. పటంలో ఒక ఎర్రగీత కొన్నాళ్లు నేలబారుగా పాకి, తర్వాత తాటిచెట్టులా నిటారుగా లేచింది. నిపుణుడు ఆ గీతని కర్రతో తాకుతూ ఊరివాళ్లందరికీ వివరించాడు. మొదటి ఏడాది ఈ వర్తుల పరికరం నిద్రాణ స్థితిలో ఉంది. రెండో ఏడాది మేలుకుంది. మేలుకున్నాక నలభై ఒక్కమందిని గాయపరిచింది. ఇందులో ప్రెసిడెంటు, మాజీ ప్రెసిడెంటు కూడా ఉండడం ఆందోళన కలిగించే అంశం. దీన్ని వర్తుల ప్రేరిత ప్రమాదం అంటారు. ప్రజాక్షేమం దృష్ట్యా పరికరాన్ని తక్షణం తొలగించవలసిందిగా సిఫార్సు చేస్తున్నాను అన్నాడు.

సన్యాసినాయుడు తల గోక్కుంటూ ముందుకొచ్చి, అవన్నీ ఉత్తుత్తివి సారూ, మా ఒంటి మీద గీత కూడా లేదు చూడండని చొక్కా పైకెత్తి చూపించాడు. ముకుందం గారు అతన్ని పక్కకి తీసుకెళ్లి ఓపిగ్గా నచ్చజెప్పాడు. అవి నిజం కాదంటే ప్రమాదాలు సున్నా. సున్నా అయితే ప్రమాదరహిత స్థలం, పరికరం బదిలీ. నిజమే అంటే నలభై ఒకటి, పరికరం తొలగింపు. మీకు ఏది సౌకర్యంగా ఉంటే అది చెప్పండి, దాని ప్రకారమే రాసుకుంటాం అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సన్యాసినాయుడు చొక్కా దించుకున్నాడు.

శుక్రవారం పొద్దున యంత్రం వచ్చింది. ఒక్క పూటలో రాళ్లు లేచిపోయాయి, గడ్డి లేచిపోయింది, పసుపు బోర్డు లేచిపోయింది. సింహాద్రి పోయినప్పుడు ఏడవడానికి పారమ్మకి తీరిక దొరకలేదు. పిల్ల చిన్నది, పొయ్యి ఆగకూడదు. ఆ బాకీ అంతా ఆ వేళ తీర్చుకుంది. బండి వెనక కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంతలో సున్నగీతలు వేసి చదునైన రోడ్డుని జనానికి అప్పజెప్పారు. లారీలు ఎప్పటిలాగే, అక్కడో ఊరున్న సంగతి మరిచిపోయి, సర్రుమని పోవడం మొదలుపెట్టాయి.

ముకుందం గారు టేపు పట్టుకుని, సర్కిలు తొలగింపబడిన వైశాల్యం కొలవడానికి రోడ్డు నడిమధ్యకి వెళ్లాడు. అంకె రాసుకోవడానికి తల వంచాడు. అవతల్నించి సిమెంటు లారీ వస్తోంది. డ్రైవరు ఆయన్ని చూళ్లేదు, ఆయన డ్రైవర్ని చూళ్లేదు. చూసింది పారమ్మ ఒక్కర్తే. ఆ క్షణంలో ఆవిడకి మనిషెవరో, ఏ విభాగమో గుర్తులేదు. ఇడ్లీపాత్ర మీది మసిగుడ్డ లాగి, దాన్ని తలపైకెత్తి ఊపుకుంటూ, సింహాద్రిని పిలిచినట్టు పెద్ద కేక పెట్టి రోడ్డు మీదకి పరుగెత్తింది. లారీ ముకుందం గారి టేపుని తొక్కి, ఆయన్ని జానెడు దూరంలో వదిలి ఆగింది.

పారమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చింది. ఈ ప్రమాదం రాసుకుంటారా బాబూ అని అడిగింది. జరగని ప్రమాదానికి ఫారం లేదమ్మా అన్నాడు. అని, గుటకేసి, కృతజ్ఞతతో కళ్లు చెమరుస్తుంటే, ఆవిడకి తన చేతనైన మేలు చేశాడు. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. నక్కలవలస జంక్షన్లో ఏర్పడిన ఖాళీలో శ్రీమతి పారమ్మని తాత్కాలిక మానవ పరికరంగా గుర్తించడమైనది. కొత్త నంబరు ఇవ్వడానికి వీల్లేక పాత నంబరే ఇచ్చారు. ఒక పసుపు కోటు కూడా పంపారు. దాని వీపు మీద నల్లక్షరాలతో 'పరికరం నం. 17' అని ఉంది.

పారమ్మ ఆ కోటుని ఆరోజంతా తిప్పి తిప్పి చూసింది. మా ఆయన సర్కిలు నా వీపెక్కిందని నవ్వింది. మర్నాటి నుంచి పొద్దున తొమ్మిదింటికీ సాయంత్రం నాలుగింటికీ మళ్లీ గుడ్డ పట్టుకుని నిలబడింది. మోకాళ్లు పీకుతున్నా నిలబడింది, వానలో నిలబడింది, జ్వరంలో కూడా ఒక్క పూట మానలేదు. ఆ ఏడాదంతా ఒక్క పిల్లకీ గీత పడలేదు. పావని పదో తరగతి పరీక్షలు రాసొచ్చి, అటువైపే ఉన్న కాలేజీలో చేరింది. దాలయ్య ఇంక కలం ముట్టనని ఒట్టేసుకున్నాడు.

ఏడాది తిరగ్గానే, మీరు ఊహించినట్టే, కవరొచ్చింది. పావని పునుగుల మూకుడు పక్కన నిలబడి పైకి చదివింది. నక్కలవలసలో గత పన్నెండు మాసాలుగా ఏ ప్రమాదమూ సంభవించనందున అది ప్రమాదరహిత స్థలముగా నిర్ధారించబడినది. కావున పరికరం నంబరు పదిహేడును ఇందుమూలముగా సంతపాలెమునకు బదిలీ చేయడమైనది. పరికరము వారం దినములలో స్వంత ఏర్పాట్లతో చేరవలెను. మూడు స్వల్ప ప్రమాదములు నమోదైన పక్షమున కొనసాగింపు పరిశీలించబడును. కింద ముకుందం గారి సంతకం ఉంది.

బండి దగ్గర తింటున్నవాళ్లు నమలడం మానేశారు. పారమ్మ మూకుట్లో పునుగులు తిప్పి, రంగొచ్చాయో లేదో చూసుకుని, తీసి, పళ్లెంలో వేసింది. అప్పుడు కూతురితో కాగితం తియ్యి, జవాబు రాయాల అంది. పావని నోటు పుస్తకం తెరిచి మోకాలి మీద పెట్టుకుంది.

"అయ్యా, దణ్ణాలు అని రాయి. మీ కాగితం అందినాది. మీకు కావాల్సింది మూడే గదా. శుక్రవారం నాలుగింటికి మీరూ, ఆ నల్లద్దాల బాబూ, ఇంకెవరైనా పెద్దాఫీసరూ ముగ్గురూ రండి. వచ్చి రోడ్డు మజ్జిన నిలబడండి. ఆ పూట నాను గుడ్డెత్తను."

పావని కలం ఆపి అమ్మ వైపు చూసింది. పంపించాలా అని అడిగింది. ఉత్తినే ఎందుకు రాయిస్తాను, ఇప్పుడే పోస్టు డబ్బాలో వేసెయ్ అంది పారమ్మ. అవతల హైస్కూల్లో గంట కొట్టారు. ఆవిడ పొయ్యి సన్నం చేసి, పసుపు కోటు తగిలించుకుని, కర్ర అందుకుంది.

ఆ శుక్రవారం ఎవరూ రాలేదు. ఉత్తరానికి జవాబూ రాలేదు, మళ్లీ బదిలీ కాగితమూ రాలేదు. నాలుగింటికి మాత్రం పిల్లలందరూ రోడ్డు దాటారు.